మూడో మనిషి ఉండాలా?

నైరోబీలో ఉద్యోగం చేస్తున్న మా చెల్లెలు సెలవులకి ఇథియోపియాలో, అడీస్ అబాబాలోని మా ఇంటికొచ్చింది. వస్తూ వస్తూ ఒక కాగితం తెచ్చింది. ఏదో పత్రిక ప్రేమికుల రోజు సంచికకి రాయమన్నారట. అమ్మాయీ అబ్బాయీ మొదటిసారి కలుసుకున్న పూటని ఆఫ్రికా పద్ధతిలో ఎలా గడపొచ్చో సలహాలివ్వాలి. నేను గోండర్‌లో పాఠాలు చెప్పుకున్నన్నాళ్లూ మా ఆవిడ అక్కడి ఇరుగుపొరుగు ఆడవాళ్ల మధ్యే మసిలింది. అక్కడి భాష అమ్హారిక్ నాకంటే బాగా మాట్లాడుతుంది. కాగితం ఆవిడకిచ్చి ఓసారి చూడమంది మా చెల్లెలు. ఆ తర్వాత నడిచిన మాటలివి. చదివేవాళ్లకి వరస తెలియాలి కాబట్టి వదిన, మరదలు అనే రాస్తున్నాను. నన్నెవరూ మధ్యలో మాట్లాడనివ్వలేదు, నావి బ్రాకెట్లలో ఉంటాయి.

వదిన: "ఆఫ్రికన్ థీమ్ డిన్నర్. చిరుత మచ్చల బట్టలు, ముఖాన రంగులు, డోలు మోత." ఇదేంటే? నైరోబీలో మీ ఆఫీసుకి ఎవరైనా ఈ వేషంలో వస్తారా?

మరదలు: రారు. అది వాళ్లు పంపిన నమూనాలోది. కొట్టెయ్.

వదిన: ఇదీ కొట్టేస్తున్నా. వొడాబె మగపిల్లల అందాల పోటీ.

మరదలు: అదెందుకు వదినా? నైజర్, చాద్ దేశాల్లో వొడాబెలు వానాకాలం చివర్లో గెరెవోల్ చేసుకుంటారు కదా. కుర్రాళ్లు కాటుక పెట్టుకుని, మొహానికి రంగు పూసుకుని, పళ్లూ కనుగుడ్ల తెలుపూ మెరిసేలా వరసగా నిలబడి ఆడతారు. ఎవరు బాగున్నారో చెప్పేది ఆడవాళ్లు. నాకు భలే ముచ్చటేసింది.

వదిన: నాకూ వేస్తుంది. కానీ ఏడాదంతా పశువుల్ని తోలుకుంటూ చెదిరి తిరిగే వంశాలు ఒక్కచోట చేరినప్పటి పండగ అది. ఇద్దరు రెస్టారెంట్‌లో కూర్చుని చేసుకునేది కాదు. ఏం, వచ్చే అబ్బాయికి కాటుక పెట్టుకు రమ్మని కబురు పెడతావా?

మరదలు: పెడితే బాగానే ఉంటుంది. సరే, పోనీ.

వదిన: "బున్నా వేడుక. ఇద్దరే కూర్చుని మూడు విడతల కాఫీ తాగండి." ఇది ఉంచుతాను. "ఇద్దరే" అన్న మాట తీసేస్తాను.

మరదలు: దాన్లో పసంతా ఆ మాటలోనే ఉంటే!

వదిన: గోండర్‌లో మా పక్కింటావిడ బున్నా పెడుతుంటే నువ్వు చూడలేదు. ముందు నేలమీద పచ్చగడ్డి పరిచేది. ఓ మూల సాంబ్రాణి పొగ. కుంపటి ముందు పీట వేసుకుని పచ్చి గింజలు కడిగి రేకుమీద వేయించేది. గింజ చిటపటలాడి నల్లబడి నూనె మెరుపు తిరిగాక, పొగలు కక్కుతున్న ఆ రేకు పట్టుకుని ఒక్కొక్కరి ముందుకీ వచ్చేది. చేత్తో పొగని మనవైపు లాక్కుని వాసన చూసి బాగుందనాలి. అనకపోతే అలాగే నిలబడుతుంది. తర్వాత రోట్లో దంచి, జెబెనాలో మరగబెట్టడం. పొడుగు మెడ మట్టికూజా అది. పొంగొచ్చాక మడ్డి దిగేదాకా వాల్చి పెడుతుంది. అప్పుడు చెవుల్లేని చిన్న చిన్న సినిల్లోకి పైనుంచి సన్నటి ధార, ఒక కప్పుకీ ఇంకో కప్పుకీ మధ్య తెగకుండా పోస్తుంది. మొదటిది అబోల్. అదే పొడికి మళ్లీ నీళ్లు పోస్తే తోనా. ఇంకోసారి పోస్తే బెరెకా, అది దీవెన. గంట పైనే పడుతుంది. ఈలోపు గుమ్మం ముందు నుంచి ఎవరెళ్లినా లోపలికి పిలిచి కప్పివ్వాలి. ఒక్కర్తీ కూర్చుని తాగడం ఆవిడకి నామోషీ.

మరదలు: ఆ గంటే నాక్కావాలి. మొదటిసారి కలిసినవాళ్లకి పావుగంటలో మాటలైపోతాయి, మెనూ కార్డు రెండోసారి చదవడం మొదలెడతారు. ఇక్కడ గింజ వేగుతుంటే చూడొచ్చు, పొగ పీల్చొచ్చు, మాట ఆగిపోయినా ఇబ్బందుండదు. మూడు విడతలు కాబట్టి మనిషి నచ్చకపోతే మొదటి కప్పుతో లేచిపోవచ్చు.

వదిన: లేవకూడదు. బెరెకా తాగకుండా లేస్తే తప్పుపడతారు. నచ్చని మనిషి పక్కన కూర్చుని దీవెన దాకా తాగాల్సిందే.

మరదలు: అమ్మో.

వదిన: ఇంకోటి. ఇద్దరే అన్నావు సరే, కుంపటి ముందు కూర్చునేదెవరు? ఇక్కడది ఆడపని. ఆవిడ పొగలో కళ్లు నులుముకుంటుంటే ఆయన తాపీగా తాగుతాడు. ఇది మనకి లేకనా? ట్రేలో కప్పులు పట్టుకొచ్చి తలొంచుకు కూర్చుంటే అబ్బాయి తరఫు వాళ్లు పంచదార ఎక్కువైందనడం! నా పెళ్లిచూపుల్లో జరిగిందదే. అది తప్పించుకుందామనే కదా మీరంతా ఈ డేటింగులు మొదలెట్టారు?

(పంచదార ఎక్కువైందన్నది మా మేనత్త. నేను కాదు.)

మరదలు: అందుకే ఇంట్లో అనలేదు నేను. మీ అడీస్‌లో ఏ సందు మొదట్లో చూసినా ఓ అమ్మాయి నాలుగు చిన్న స్టూళ్లు వేసుకుని జెబెనా బున్నా పోస్తూ ఉంటుంది. అక్కడికెళ్తే ఇద్దరూ అతిథులే. ఒకళ్లకొకళ్లు వడ్డించుకోనక్కర్లేదు.

వదిన: ఆ, ఇప్పుడొచ్చావు దారికి! మూడో మనిషి వచ్చింది కదా. నేననేదీ అదే. ఇక్కడ కొత్త పరిచయం ఇద్దరి మధ్య ఉండదు. పోసే మనిషో, పాడే మనిషో, పెద్దమనుషులో, పక్కింటివాళ్లో ఎవరో ఒకరుంటారు. ఆ మనిషిని తీసేసి కప్పులూ గడ్డీ మాత్రం తెచ్చుకుంటే అది సినిమా సెట్టింగే.

మరదలు: నువ్వు మర్యాద అంటున్న ఆ మూడో మనిషి నుంచి తప్పించుకోవడానికే ఇక్కడి పిల్లలు నానా తంటాలూ పడుతున్నారు వదినా. టొమోకాకి వెళ్లి చూడు. 1953 నుంచి ఉంది ఆ కాఫీ కొట్టు. ఇటలీవాళ్లు 1936 నుంచి 1941 దాకా ఈ దేశం మీద కూర్చుని పోయారు, వాళ్ల మకియాతో కాఫీ మాత్రం ఉండిపోయింది. అక్కడ బల్లల చుట్టూ నిలబడే తాగుతారు. పది నిమిషాలు. నచ్చితే ఇద్దరూ కలిసి ఇంకో చోటికి నడుస్తారు, నచ్చకపోతే ఎవరి మినీబస్సు వాళ్లెక్కుతారు. అది ఈ ఊరి సంస్కృతి కాదా? కుంపటి ఉంటేనే ఆఫ్రికానా?

వదిన: మకియాతో ఎప్పుడో వాళ్లదైపోయింది, దాన్ని కాదనను. కానీ పత్రికవాళ్లు నిన్ను సలహా అడిగితే "కాఫీ తాగండి" అని రాసిస్తావా?

మరదలు: అయితే నైరోబీ మాట విను. మా ఆఫీసు పిల్లలు ఎవరినైనా కొత్తగా కలవాలంటే కరూరా అడవికి పోతారు. ఊళ్లోనే వెయ్యి హెక్టార్ల అడవి. 1990ల చివర్లో దాన్ని ముక్కలు చేసి అయినవాళ్లకి స్థలాలుగా పంచేశారు. పర్యావరణ ఉద్యమకారిణి వాంగరి మాథాయ్ మొక్కలు నాటడానికి మనుషుల్ని వెంటేసుకుని వెళ్తే 1999 జనవరిలో కిరాయి మూకలు ఆవిడ తల పగలగొట్టాయి. ఆవిడ నేరుగా పోలీస్ స్టేషన్‌కెళ్లి ఆ నెత్తుటితోనే ఫిర్యాదు మీద సంతకం పెట్టింది. అడవి మిగిలింది. ఆవిడకి 2004లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఇవాళ అక్కడ టికెట్ కొనుక్కుని లోపలికెళ్లి, జలపాతం దాకా మాట్లాడుకుంటూ నడవొచ్చు. ఎదురెదురుగా కూర్చుని మొహాలు చూసుకోవడం కంటే పక్కపక్కన నడుస్తుంటే మాట తేలిగ్గా వస్తుంది. మూడోవాళ్లెవరైనా ఉన్నారంటే కోతులే.

వదిన: చెట్ల మధ్య నడవడానికి ఆఫ్రికా దాకా ఎందుకు? హైదరాబాద్‌లో ఇందిరా పార్కు లేదూ?

మరదలు: ఉంది. పెళ్లికాని జంటలకి ప్రవేశం లేదని 2021లో అక్కడ బోర్డు పెట్టారు. గొడవయ్యాక తీసేశారు. ఆ బోర్డు పెట్టాడే, వాడే నీ మూడో మనిషి.

(మా ఆవిడ ఇంత సేపు మాట్లాడకుండా ఉండటం నేను అరుదుగా చూస్తాను. ఒకటి మా చెల్లెలి ఖాతాలో వేశాను.)

వదిన: కాపలా కాసేవాణ్ని నేను మూడో మనిషి అనలేదు. పిల్లలు అందరి ముందూ దర్జాగా కలుసుకునే చోటు ఒకటి చెప్తా, రాసుకో. ఇక్కడి క్రైస్తవుల తిమ్కత్ పండగ. మామూలుగా జనవరి 19న వస్తుంది. గోండర్‌లో ఫాసిలిదస్ రాజు పేరు మీద కొలను ఉంది, ఏడాదికోసారి దీనికోసమే నింపుతారు. ముందు రోజే గుళ్ల నుంచి పవిత్ర ఫలకాల్ని పట్టుగుడ్డల్లో చుట్టి, పూజారులు నెత్తిన పెట్టుకుని ఊరేగింపుగా తెస్తారు. రాత్రంతా ప్రార్థనలు. తెల్లారి నీళ్లని దీవించడం ఆలస్యం, కుర్రాళ్లు గట్టు మీంచి దూకేస్తారు. తిమ్కత్‌కి కట్టని చీర ఉంటేనేం, చిరిగితేనేం అన్నట్టు ఓ సామెత కూడా ఉంది వాళ్లకి. ఆ రోజు కుర్రాడు నచ్చిన పిల్ల మీదకి నిమ్మకాయ విసురుతాడు. ఆ పిల్ల ఏరుకుంటే ఒప్పుకున్నట్టు. ఏరుకోకపోతే మాట్లాడకుండా పోవాలి.

మరదలు: గుండెల మీదకి గురి చూసి విసురుతారని కూడా చెప్పు. మన ఊళ్లో ఇలాంటి పని చేస్తే పోలీసుల్ని పిలుస్తాం, పండగనం.

వదిన: అది కింద వదిలేసి నడిచిపోవడం ఆ పిల్ల చేతిలో ఉంది కదే. ఊరంతా చూస్తోంది కాబట్టే వాడు మళ్లీ వెంటపడలేడు. ఆ పదిమంది కళ్లే ఆ పిల్లకి రక్ష.

మరదలు: అన్నిసార్లూనా? ఈ దేశంలోనే కొన్ని చోట్ల పిల్లని గుర్రమ్మీద ఎత్తుకెళ్లి పెళ్లి చేసుకునేవాళ్లు. అప్పుడూ పదిమంది చూసేవాళ్లు. పెద్దమనుషులు చెట్టు కింద కూర్చుని, ఇన్ని పశువులో ఇంత డబ్బో ఇప్పించి రాజీ చేసేవాళ్లు. 1996లో పద్నాలుగేళ్ల పిల్లని అలా ఎత్తుకెళ్తే, ఆ పిల్ల వాడి తుపాకీతోనే వాణ్ని కాల్చింది. హత్య కేసు పెట్టారు. ఆ కథే 2014లో "దిఫ్రెత్" అని సినిమాగా వచ్చింది. ఎత్తుకెళ్లినవాడు పెళ్లి చేసుకుంటే శిక్ష లేదని పాత చట్టంలోనే ఉండేది. 2005లో అమల్లోకొచ్చిన కొత్త శిక్షాస్మృతి దాకా అది పోలేదు. ఆ చెట్టు కింద కూర్చున్నవాళ్లంతా ఎవరు వదినా?

వదిన: ఆ సినిమా నేనూ చూశాను. ఆ పెద్దమనుషుల్ని వెనకేసుకు రాను. ఆ పిల్ల విడుదలయ్యేలా వాదించిందెవరు? మెయాజా అషెనాఫీ వాళ్ల మహిళా న్యాయవాదుల సంఘం. 2018లో ఆవిడ ఈ దేశపు సుప్రీంకోర్టుకే అధ్యక్షురాలైంది. ఆ పిల్లకి ఆవిడేమవుతుంది? చుట్టమా పక్కమా? బయటి మనిషే కదా అడ్డుపడింది.

మరదలు: ఇది మాట తిప్పడం. ఆవిడ కోర్టుకొచ్చింది, డేట్‌కి వచ్చి మధ్యలో కూర్చోలేదు.

(నిమ్మకాయ కొట్టేశారు. ఎవరు కొట్టేశారో నేను చూడలేదు.)

వదిన: "గుర్షా. ప్రేమగా ఒకరికొకరు తినిపించుకోండి." ఇది మాత్రం వద్దే తల్లీ.

మరదలు: ఇదేంటి, ఆచారాలన్నీ కావాలన్నది నువ్వే కదా?

వదిన: గుర్షా అంటే ప్రేమికుల వ్యవహారమని నీకెవరు చెప్పారు? గోండర్‌లో ఇంటివాళ్ల ముసలమ్మ ఇంజెరా అట్టు ముక్కలో కూర చుట్టి నోరు పట్టనంత ముద్ద నాకు పెట్టేది, అచ్చం గోరుముద్దే. కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన కుర్రాడికీ పెట్టేది. పెడితే కాదనకూడదు, అంతే. కాదనకూడదన్నదే ఇక్కడ తంటా. మొదటిసారి చూస్తున్న మగాడి చెయ్యి నోటి దాకా వచ్చాక వద్దంటే మర్యాద తప్పినట్టయ్యే పరిస్థితిలోకి ఆడపిల్లని ఎందుకు నెడతావు? ఒకే పళ్లెంలో తింటారు, అది చాలు. మధ్యలో ఒక్కటే పెద్ద ఇంజెరా, మీద కూరలు కుప్పలు కుప్పలుగా ఉంటాయి. ఎవరి ముందున్నది వాళ్లు తుంచుకుని తినాలి. ఆ అబ్బాయి తన వైపే తింటున్నాడా, చెయ్యి చాచి నీ వైపు పప్పు లాక్కుంటున్నాడా చూసుకో. జాతకం అక్కడే తెలిసిపోతుంది.

మరదలు: ఇది బాగుంది. రాసుకుంటున్నా. మాంసం తినని మనవాళ్ల సంగతి?

వదిన: బుధవారమో శుక్రవారమో వెళ్లమను. ఆర్థడాక్స్ వాళ్లకి అవి ఉపవాసాలు, మాంసం, గుడ్లు, పాలు, వెన్న ముట్టరు. ఏ హోటల్లోనైనా బెయాయ్‌నెతు అడిగితే చాలు. సెనగపిండి షిరో, కారంగా ఎర్రపప్పు, గోమెన్ ఆకుకూర, బీట్‌రూట్ అన్నీ ఒకే పళ్లెంలో వస్తాయి. కానీ ఈస్టర్ ముందు 55 రోజుల ఉపవాసం ఎప్పుడు మొదలవుతుందో చూసుకోమను. ఒక్కో ఏడు ఫిబ్రవరిలోనే పడుతుంది. ఆ రోజుల్లో ఇక్కడ పెళ్లిళ్లు కూడా పెట్టుకోరు. మీ ప్రేమికుల రోజు ఎదుటి మనిషి పెద్ద ఉపవాసంలో పడిందనుకో, పాటలూ పార్టీలూ ఏవీ అతనికి రుచించవు.

మరదలు: నైరోబీలో దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. న్యామా చోమాకి, అంటే కాల్చిన మాంసానికి, వెళ్తే ముందు కొట్టు ముందు నిలబడి ఏ ముక్క కావాలో చూపించి కిలో లెక్కన తూయించుకోవాలి. అది నిప్పుల మీద కాలేసరికి గంట. ఆ గంటే డేటు. తర్వాత చెక్కపలక మీద నరికి, పక్కన ఉప్పు కుప్ప పోసి తెస్తారు. తినేటప్పుడు ఎవరూ మాట్లాడరు.

వదిన: నీకు ఎక్కడికెళ్లినా గంట ఎదురు చూడ్డమే కావాలన్నమాట. సరే, రాసుకో. ఇదేంటి, "గుంటల ఆట"? వామనగుంటలా!

మరదలు: అదే. ఘనాలో ఓవారే అంటారు. 12 గుంటలు, గుంటకి నాలుగు చొప్పున 48 గింజలు.

వదిన: ఇక్కడ గెబెతా అంటారు.

మరదలు: జాంజిబార్‌లో బావో. 32 గుంటలు, 64 గింజలు, అది పట్టుబడాలంటే ఏళ్లు పడుతుంది, అందుకే కొత్తవాళ్లకి ఓవారేనే చెప్పా. దాన్లో ఒక నియమం నాకు చాలా ఇష్టం. ఎదుటివాళ్ల గుంటలన్నీ ఖాళీ అయిపోతే, వీలున్నంతవరకు వాళ్లవైపు గింజలు పడే ఎత్తే వెయ్యాలి. ఎదుటి మనిషిని ఎండగట్టి ఆడకూడదు. ఆ ఎత్తు నవ్వుతూ వేస్తాడా, ఏడుస్తూ వేస్తాడా చూడొచ్చు.

వదిన: మా అమ్మమ్మ అయితే చింతపిక్క ఒక్కటి మిగల్చకుండా ఊడ్చేసేది. ఇది నేను ముట్టుకోను. బాగా రాశావు.

మరదలు: ఇది ఇద్దరాడే ఆట వదినా. మూడో మనిషి లేడు.

వదిన: జాంజిబార్‌లో అరుగుమీద బావో వేస్తుంటే చుట్టూ నిలబడ్డవాళ్లు ఎత్తు చెప్పకుండా ఊరుకుంటారా? మా ఇంట్లో వామనగుంటలకి ఇద్దరు ఆడితే ఆరుగురు ఆడినట్టుండేది.

మరదలు: చుట్టూ మూగేవాళ్లు లేని బల్ల చూసుకోమని రాస్తాను.

వదిన: రాయి. అలాగే ఈ "సాయంత్రం ఆరింటికి కలవండి" అన్నదాన్లో ఆ సాయంత్రం అన్న మాట మాత్రం ఎక్కడా వదలకు. ఇక్కడ గంటలు పొద్దు పొడిచిన దగ్గర్నుంచి లెక్కపెడతారు, మన ఘడియల్లాగే. ఉత్తి ఆరంటే మిట్టమధ్యాహ్నం. అబ్బాయి పన్నెండింటికొచ్చి ఎండలో నిలబడతాడు, అమ్మాయి సాయంత్రం ఆరింటికొచ్చి ఇంకా రాలేదేంటని తిట్టుకుంటుంది.

మరదలు: స్వాహిలీలోనూ అదే లెక్క. మా ఆఫీసులో కొత్తవాళ్లకి మీటింగు పెట్టినప్పుడల్లా ఇదే తంతు. ఏ గడియారం ప్రకారమో అడిగి మరీ ఒప్పుకోమని రాస్తాను.

వదిన: ఇప్పుడు నేనొకటి చేర్చుతున్నా. అజ్మరీ బేత్.

మరదలు: వద్దు.

వదిన: విను ముందు. చీకటి పడ్డాక చిన్న హాల్లో బల్లలేసుకుని కూర్చుంటారు. అజ్మరీ అంటే పాటగాడు, ఒంటితీగ మసింకో వాయించుకుంటూ బల్ల బల్ల దగ్గరికీ వస్తాడు. నువ్వు ఏం కట్టుకున్నావు, పక్కన ఎవరు, ఎవరి మొహం ఎలా ఉందీ చూసి అప్పటికప్పుడు ఆశువుగా కట్టి పాడతాడు. అంతా శ్లేష. పై అర్థాన్ని మైనమంటారు, లోపలిదాన్ని బంగారమంటారు. మైనం విన్నవాడు చిరునవ్వు నవ్వుతాడు, బంగారం పట్టినవాడు బల్ల గుద్ది నవ్వుతాడు. నచ్చితే నోటు తీసి ఆయన నుదుటికి అంటిస్తారు. మమ్మల్నొకసారి గోండర్‌లో తీసుకెళ్లారు. మీ అన్నయ్యని చూసి రెండు చరణాలు కట్టాడు. హాలంతా పడీపడీ నవ్వింది. ఈయనా నవ్వాడు, ఏమీ అర్థం కాకుండానే.

(ఏం పాడాడో నాకు ఇవాళ్టికీ చెప్పలేదు.)

వదిన: తన మీద పదిమందిలో జోకు పడితే మగాడు ఎలా ఉంటాడో తెలియాలంటే నువ్వు ఎన్ని కాఫీలు తాగాలి, ఎన్ని అడవులు తిరగాలి? నవ్వుతాడా, ముడుచుకుంటాడా, పాటగాడి మీదకి లేస్తాడా, పాపం అని నోటు తీస్తాడా? పావుగంటలో అన్నీ బయటపడతాయి. నీ మొహం మీద కూడా పడతాయి, అతనూ చూసుకుంటాడు. ఇద్దరే కూర్చుంటే ఎవరి మంచితనం వాళ్లు చెప్పుకుంటారు. అజ్మరీ దగ్గర అలా కుదరదు.

మరదలు: పచ్చిగా కూడా పాడతారని నువ్వే చెప్పావు. అమ్మాయి మొదటిసారి వచ్చింది. పక్కనున్న అబ్బాయి ఇంటిపేరు కూడా ఇంకా తెలీదు. వాళ్లిద్దర్నీ జంట చేసి పాటగాడు చరణాలు కడితే హాలంతా బల్ల గుద్దుతుంది. భాష రాని పిల్లయితే తన గురించి ఏమన్నారో కూడా తెలీదు, మా అన్నయ్యలా నవ్వుతూ కూర్చుంటుంది. మీ ఇద్దరికీ అప్పటికి పెళ్లయి ఉంది కాబట్టి అది జోకు. కావాలంటే రెండోసారి కలిసినప్పుడు వెళ్లమని రాస్తా.

వదిన: రెండోసారి కలవాలో వద్దో తేలేది అక్కడేనే.

మరదలు: అందుకే వద్దంటున్నా. అది తేల్చుకోవాల్సింది ఆ పిల్ల, పాటగాడు కాదు.